పెండ్లికొడుకును ఎగరేసిన స్ప్రింగులు

రెండేళ్ళ కింద, షోలాపూర్ దాజీపేట్‌లో మా అక్క పెండ్లినాటి సంగతి. నేసిన చద్దర్లు మోసి మోసి మా బాబాయి పాత ఫియట్ కారు వెనక కుంగిపోయింది. పెండ్లికొడుకును అందులోనే ఊరేగించాలి. మెకానిక్ దగ్గరికి పోయాం.

"మెత్త స్ప్రింగులున్నయి, గట్టియి ఉన్నయి. ఏవి ఎయ్యాలె?" అన్నాడు మెకానిక్.

బాబాయికి పెండ్లి గుర్తులేదు, వ్యాపారం గుర్తుంది. "ఎక్కువ మూటలు మోసేటియి ఎయ్యి" అన్నాడు. మెకానిక్ గట్టివి బిగించాడు.

ఊరేగింపు రోజు కారులో మూటలు లేవు, వెనక సీట్లో బక్కపలచటి బావ ఒక్కడే ఉన్నాడు. బరువు లేక ఆ స్ప్రింగులు కుంగలేదు. గుంత వచ్చినప్పుడల్లా ఎగిరి కారు టాపును తలతో పలకరించాడు. బాసింగం ముక్కు మీదికి జారింది.

"ఆపుండ్రి! ఇది పెండ్లా, సర్కసా? మేం వాపస్ పోతం!" అని బావ వాళ్ళమ్మ రోడ్డుకు అడ్డం నిలబడింది. అక్క పెండ్లి అక్కడే ఆగేలా ఉంది.

బాబాయి పక్క కార్ఖానాలోంచి చద్దర్ల మూటలు తెప్పించి డిక్కీ నింపాడు. బావకు అటొకటి, ఇటొకటి పెట్టి, "ఇగ కూసో అల్లుడా" అన్నాడు. కారు బుద్ధిగా కిందికి దిగి, మెత్తగా కదిలింది.

మండపం చేరేసరికి బావ మూట మీద తలవాల్చి గురక పెడుతున్నాడు. వాళ్ళమ్మే నవ్వుతూ తట్టిలేపింది: "లే బిడ్డా, లగ్గమైనంక పండుకుందువు!"

మా నేతోళ్ళ కార్లకు మనుషులు ఒక బరువే కాదని ఆ రోజే తెలిసింది.