మక్కా అంగడిలో వదిలి వచ్చిన బురఖా

పోయిన వారం నంద్యాలలో మా కూతురింటికి వెళ్ళాను. దుబాయి చూసి వచ్చిన మనవరాలు నడిమింట్లో రెండు పెద్ద పెట్టెలు తెరిచి, మంచం నిండా బట్టలూ, ముఖానికి పూసుకునే క్రీములూ, సెంటు సీసాలూ, పిస్తా పొట్లాలూ, చాక్లెట్లూ పరిచేసింది. ఎవరి ఒంటికి ఏ కొలత సరిపోతుందో నీకెట్లా తెలిసిందమ్మా అని అడిగితే, చొక్కా మెడ దగ్గర కుట్టిన చీటీ తిప్పి అందులోని ఇంగ్లీషు అక్షరం చూపించింది. పోయేముందే అందరినీ అడిగి ఫోనులో రాసుకుందట. నాకు తెచ్చిన చొక్కా నిజంగానే భుజాల దగ్గర సరిగ్గా కూర్చుంది. నలభై ఏళ్ళకు పైగా ఆళ్ళగడ్డ బస్టాండు పక్కన ఆడవాళ్ళ బట్టలు కుట్టి బతికినవాణ్ణి, ఒక్క అక్షరం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పిల్ల ఏమనుకుంటుందోనని, గాలి కోసమన్నట్టు వసారాలోకి వచ్చి కూర్చున్నాను.

నేనూ, మా ఇంటామె ఉమ్రా యాత్రకు మక్కా వెళ్ళి వచ్చి చాలా ఏళ్ళయింది. అంతకుముందు ఆమె చేసిన దూరప్రయాణాలంటే వెలుగోడులో నా చెల్లెలింటికీ, కాన్పులకు నంద్యాల ఆసుపత్రికీ, అంతే. అలాంటి మనిషి మక్కాలో నమాజు కాగానే మా జట్టులోని ఆడవాళ్ళతో కలిసి అంగళ్ళ వెంట ఎంత హుషారుగా తిరిగిందో ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. చెల్లెలి కోడళ్ళకు పౌడరు డబ్బాలు, కళ్ళకు పెట్టుకునే సుర్మా, అత్తరు, వీధి పిల్లలకు మిఠాయిలు, పక్కింటి క్రైస్తవ టీచరమ్మకు పూల అంచు చేతిరుమాళ్ళు. ఇక ఖర్జూరం సంగతి చెప్పనక్కరలేదు, మా పెట్టెల బరువులో సగం అదే. మనం వచ్చింది నమాజుకా సంతకా అని నేను సణుగుతూనే ఉన్నాను, ఆమె వినీ విననట్టు కొంటూనే ఉంది. తనకోసం మాత్రం ఒక్కటీ కొనుక్కోలేదు.

బయలుదేరే ముందురోజు ఒక అంగట్లో బురఖా చూసింది. మెత్తటి నల్లగుడ్డ, చేతుల మీద నల్లదారంతోనే కుట్టిన సన్నటి పూలతీగ, వెలుగు పడితే తప్ప కనబడదు. ఒంటికి ఆనించుకుని అద్దం ముందు నిలబడి, "ఏమయ్యా, ఎట్లుండాది?" అని అడిగింది. నేను దర్జీవాణ్ణి కదా, బురఖాను ఆమె చేతుల్లోంచి లాక్కుని లోపలివైపు తిప్పి, అంచు పట్టి గుంజి చూశాను. కుట్లు ఎడంగా ఉన్నాయి.

"ఇదేం కుట్టు, రెండు ఉతుకులకే ఊడిపోతాది. ఇంతకన్నా మంచిది నేను కుడ్తా, పెట్టు ఆడ" అన్నాను.

"నువ్వు కుడ్తావులే గానీ, ఎప్పుడు కుడ్తావ్?" అని నవ్వి, దాన్ని మడత పెట్టి, చేయి మీది తీగను ఒకసారి నిమిరి, బల్ల మీద పెట్టేసింది. దుడ్లు లేక కాదు, ఉన్నాయి. నా పనితనం ముందు ఇంకొకడి కుట్టు నా భార్య ఒంటి మీద ఉండడమేమిటన్న పొగరు నాది.

తిరిగి వచ్చిన నెలలోపే నంద్యాలలో అలాంటి నల్లగుడ్డా, పట్టుదారమూ కొని తెచ్చి అంగట్లో నా నెత్తి పైనున్న అరలో పెట్టాను. అంతలో రంజాను దగ్గర పడింది, అప్పుడు దర్జీవాడికి తిండి తినే తీరిక కూడా ఉండదు. తర్వాత పెళ్ళిళ్ళు, ఆ తర్వాత బడిపిల్లల యూనిఫారాలు. ఎవరో ఒకరు రేపే పెండ్లి అన్నా అంటూ వచ్చి కూర్చునేవాళ్ళు. మా ఇంటామె పెళ్ళి ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఆమెకు తొందరేముంది అన్నట్టుండేది నా వరస. మధ్యాహ్నం క్యారియరు తెచ్చినప్పుడు ఆ అర వైపు చూసి, "పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, మొగుని మిషను పెండ్లానికి పనికొస్తాదా?" అని ఎకసెక్కమాడేది. నేనూ సిగ్గులేకుండా నవ్వేవాణ్ణి.

మరుసటేడు వెలుగోడులో నా మేనల్లుడి పెళ్ళికి, మోచేతుల దగ్గర వెలిసిపోయిన పాత బురఖాతోనే వచ్చింది. మక్కా పోయొచ్చి ఇదేందీ అని ఆడవాళ్ళు అడిగితే ఆమె ఇచ్చిన జవాబు నేను పందిట్లో విన్నాను. "మా ఆయన కుడ్తాండాడు, ఆడ దొరికేదానికన్నా మేలైంది" అని చెప్పింది. అప్పటికి ఆ గుడ్డకు కత్తెర కూడా తగల్లేదు. పదిమందిలో నన్ను తగ్గనివ్వని ఆ మనిషి కోసం మరునాడే మిషను ముందు కూర్చోవలసింది. కూర్చోలేదు.

ఆ చలికాలంలోనే ఒక పొద్దున రొట్టెలు కాలుస్తూ గుండెల్లో నొప్పి అంది. కారు మాట్లాడుకుని నంద్యాల చేరేలోపే ప్రాణం పోయింది. ఇంటికొచ్చాక దండెం మీద ఆమె బట్టలు చూడలేక ముఖం తిప్పుకుని తిరిగేవాణ్ణి. మాలో నలభయ్యో దినం లోపల పోయినవాళ్ళ బట్టలు లేనివాళ్ళకు ఇచ్చేస్తారు. గుర్తుగా ఒకటి రెండు ఉంచుకుంటానని కూతురు బతిమాలితే కసిరి, జాకెట్టు కూడా మిగల్చకుండా మూటలు కట్టించి పంపించేశాను.

తర్వాత అంగడి తెరిచిన మొదటి రోజు ఆ నల్లగుడ్డను దించాను. ఇచ్చిన మాట ప్రకారం ఆమె కొలతకే కుట్టి, ఆమె పేరున ఏ పేదరాలికైనా ఇద్దామని నా ఆశ. గుడ్డ పరిచి, సుద్దముక్క తీసి, కొలతల పుస్తకం తెరిస్తే అందులో ఊళ్ళోని ఆడవాళ్ళందరూ ఉన్నారు, మా ఇంటామె లేదు. ఏనాడూ ఆమెకు టేపు పెట్టలేదు. ఎప్పుడన్నా జాకెట్టు కుట్టినా, ఎదురుగా తిరుగుతుండే మనిషే కదా అని అంచనాతో కత్తిరించేవాణ్ణి. కొలతకు ఆది కావాలి, మీ అమ్మది పాతది ఏదైనా ఉందా అని కూతురికి ఫోను చేశాను. "నువ్వే ఒక్కటీ ఉంచొద్దంటివి కదా నాయనా" అని అది ఏడ్చింది.

రోడ్డున పోయే మనిషిని చూసి కొలత చెప్పగలనని గొప్పలు పోయినవాణ్ణి, కళ్ళు మూసుకుని ఆమె నా భుజం దాకా వచ్చేదా, గడ్డం దాకా వచ్చేదా అని ఎంత వెతుక్కున్నా ముఖమే కనిపించింది గానీ పొడవు దొరకలేదు. గుడ్డ మళ్ళీ అరలోకే పోయింది.

ఇప్పుడు మా అంగటికి కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు తక్కువ, కొన్నవి తెచ్చి బిగించమనో వదులు చేయమనో అడిగేవాళ్ళే ఎక్కువ. ఆ కుట్లు చూసి వంక పెట్టడం మానేసి చాలాకాలమైంది. ఆ రోజు అద్దం ముందు నిలబడి ఎట్లుండాది అని అడిగినప్పుడు, ఆమె ఎట్లున్నదో ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే చాలు. నేను కుట్టు చూశాను.