సీసా గీతలు, పెన్ను టిక్కులు

నాకు కాలు ఒకచోట నిలవదు. చిన్నప్పుడు మా నాయన నన్ను కాలుగాలిన పిల్లి అనేవాడు. అట్లాంటిదాన్ని తెచ్చి ధర్మవరంలో గుంత మగ్గం నేసే మనిషికి కట్టబెట్టారు. ఆయన పొద్దున్నే గుంతలోకి కాళ్ళు దించాడంటే మళ్ళీ అన్నానికే లేచేది. ఆయన నేసిన పట్టుచీరలు సంచిలో సర్దుకుని నేను అనంతపురం, కదిరి, గోరంట్ల తిరిగి అమ్ముతాను. షావుకారుకు వేసేదానికంటే నాలుగు దుడ్లు ఎక్కువ మిగులుతాయని ఇంట్లో చెబుతాను. నిజం చెప్పాలంటే, బస్సెక్కి నాలుగు ఊళ్ళు తిరక్కపోతే నాకు ఊపిరాడదు.

చక్కెర జబ్బుకు మాత్రలు చాలక డాక్టరమ్మ ఇన్సులిన్ రాసిన రోజు నాకు సూదంటే భయం వేయలేదు. ఇంటికి కట్టేస్తుందేమోనని భయం వేసింది. పొద్దున టిఫినుకు ముందు ఒకసారి, రాత్రి అన్నానికి ముందు ఒకసారి, రెండు పూటలా పొడుచుకోవాలి. మందేమో చల్లగా ఉండాలి. ఎండాకాలం మా ఇంట్లో ఫ్రిజ్ ఉంటుంది, కరెంటు ఉండదు. పడుగు పోగులు తెగకుండా మగ్గం గుంత దగ్గర ఎప్పుడూ చెమ్మ ఉంచుతారు కాబట్టి, మా ఆయన ఆ మూలనే తడి ఇసుకలో చిన్న కుండ పూడ్చి, సీసాను అందులో పెట్టాడు.

సిరంజి నింపే పని కూడా ఆయనే తీసుకున్నాడు. నా చేతికిస్తే గాలి బుడగలతో సహా లాగేస్తానని ఆయనకు తెలుసు. సీసాను అరచేతుల మధ్య దొర్లించి, తలకిందులు చేసి, కిటికీ వెలుతురులో గీతలు చూస్తూ లాగేవాడు. గోటితో తట్టి బుడగ పైకొచ్చేదాకా ఆగేవాడు. పదహారో గీత దగ్గర మందు అంచు నిలబడాల్సిందే. పొడుచుకునేది మాత్రం నేనే. రోజుకు రెండుసార్లు మేమిద్దరం ఒక్కచోట కూర్చునేది అప్పుడే. నాకది ఆలస్యంగా తోచేది. ఆయనకు ఎట్లా ఉండేదో నేనెప్పుడూ అడగలేదు.

పొద్దు గూకేలోపు ఇంటికి చేరాలన్న బెంగతో ఎన్నో బేరాలు సగంలో వదిలి వచ్చాను. బస్టాండులో నిలబడి సీసా ఎత్తి పట్టి గీతలు చూసుకోవడం నా వల్ల కాదు. అట్లాంటప్పుడు అనంతపురంలో నా దగ్గర చీరలు కొనే ఒక నర్సమ్మ పెన్ను చూపించింది. మందు అందులోనే ఉంటుంది. చివర చిన్న సూది బిగించి, వెనక మర తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. ఒక టిక్కుకు ఒక యూనిట్, పెన్ను మీది చిన్న కిటికీలో అంకె కూడా కనబడుతుంది. వాడుతున్న పెన్నును ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, మన ఎండకు మాత్రం తడిగుడ్డ సంచిలో వేసుకోమంది. డాక్టరమ్మ కూడా సరేనని రాసిచ్చింది. ఆ రోజు నాకు రెక్కలొచ్చినంత సంబరం.

దానిలోనూ తిరకాసు లేకపోలేదు. ప్రతిసారీ ముందు రెండు యూనిట్లు గాల్లోకి చిమ్మి, దారి సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. మందు అట్లా వృథా కావడం చూసి మా ఆయన ప్రాణం విలవిల్లాడింది. నొక్కాక పది లెక్కపెట్టేదాకా సూది తీయకూడదు. అది నా ప్రాణానికి వచ్చింది. ఆరు దగ్గరే లాగేసేదాన్ని. ఒక చుక్క తోలు మీద నిలబడేది.

పెన్ను వచ్చాక ఆయనకు పని లేకుండా పోయింది. నేను వంటింట్లో నిలబడే మర తిప్పుకుని, పొడుచుకుని, సంచి భుజాన వేసుకునేదాన్ని. మిగిలిన సిరంజిలను ఆయన గుడ్డలో చుట్టి మగ్గం పక్క గూట్లో దాచాడు.  మా ఆయన ఏదీ పారేయడు. నేతగాళ్ళ గుణమే అంత. ఒక పడుగు అయిపోతే దాని కొసలు తెంపరు. మగ్గానికుండే దువ్వెన లాంటి పన్నెలో అట్లాగే ఉంచి, ఒక్కొక్క పాత కొసకు ఒక్కొక్క కొత్త పోగు మెలేసి అతుకుతారు. జానెడు పట్టు కొస నేల మీద కనిపిస్తే అన్నం మెతుకు తొక్కినట్టు బాధపడతారు.

ఒక సాయంత్రం బస్సు దిగుతుంటే పెన్ను జారి మెట్టు మీద పడింది. మర బిగుసుకుపోయింది. లోపల ఇంకా కొంత మందు ఉంది. కుండలో కొత్త పెన్ను ఉంది కదా, ఇది పారేయమని చెప్పి నేను పడుకున్నాను.

తెల్లవారి గోరంట్ల బస్సుకు పరుగులో ఉన్నాను. అక్కడి పంతులమ్మలు చీరలు చూస్తామని కబురు పెట్టారు. కొప్పు చుట్టుకుంటూ వాకిట్లోకి వచ్చేసరికి మా ఆయన ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో నింపిన సిరంజి. బిగుసుకుపోయిన పెన్నుకు సూది బిగించే చోటుండే రబ్బరు నుంచి లాగాడట. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో ఆ వెలుగు చూశాను.

"దీంట్లో ఇంకా ఉండాది గదమే, పారేస్తే ఎట్లా? పదారు గీతలే. సూసి నింపినా."

ఆయన చెయ్యి కదా, నేను గీత వైపు కూడా చూడలేదు. పొడుచుకుని, ఇడ్లీ దారిలో తినొచ్చులే అనుకుని పరుగెత్తాను. బస్సు కదిలిపోతుండటంతో ఆ ఇడ్లీ కూడా తినలేదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు పెద్దలు.

సగం దూరం కూడా పోలేదు. చెమటలు పట్టి రవిక తడిసింది. ఎండే అనుకున్నాను. తర్వాత చేతులు వణికాయి. కారణం లేకుండా కండక్టరు మీద మండిపడ్డాను. నా దగ్గరుండే బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను, దానికి తగ్గే వణుకు కాదది. పక్కనున్న కూలికి పోయే ఆమె నా మొహం చూసి, బస్సు ఆపించి, తీపి సోడా తాగించింది. ఆమె మాటలు వినబడుతున్నాయి గానీ అర్థం కావడం లేదు. చచ్చిపోతానని భయపడ్డాను. దాచుకోవడానికేముంది, బాగా భయపడ్డాను.

అదే బస్సులో తీసుకుపోయి చేర్చారట, గోరంట్ల ఆస్పత్రిలో చేతికి గ్లూకోజు ఎక్కుతుండగా కళ్ళు తెరిచాను. ఏ మందు, ఎంత, ఎట్లా పొడుచుకున్నావని నర్సు అడిగింది. చెప్పాను. ఆమె తల పట్టుకుంది. నేను వాడిన సీసాలో మందు పలచన. పెన్నులో మందు చిక్కన. ఆ సిరంజి మీది గీతలు పలచన మందుకే కొలత. చిక్కటి మందును అదే గీత దాకా నింపితే రెండింతల పైనే లోపలికి పోతుంది. పెన్నులో మందు సిరంజితో ఎప్పుడూ లాగకూడదని గట్టిగా చెప్పింది. ఆ మాట మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా నేను నిలబడి విని ఉండేదాన్నా అంటే, అదీ అనుమానమే.

కబురందగానే మా ఆయన నేత లుంగీతోనే వచ్చాడు. మోకాళ్ళ మీద జరీ తునకలు మెరుస్తున్నాయి. మంచం పక్కన కూర్చుని తన అరచేతులు చూసుకున్నాడు.

"నా సేత్తోనే పోసినానే నీకు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపం రాలేదు. కోపం ఆ తర్వాత మాటకు వచ్చింది.

"ఇంగ నువ్వు ఒంటిగా యాడికీ పోవద్దు. సీరలు షావుకారుకే ఏస్తా."

ఇంటికొచ్చాక సిరంజిలన్నీ ఆస్పత్రికి తీసుకెళ్ళి ఇచ్చేశాడు. పెన్ను వైపు చూడటం కూడా మానేశాడు. నన్ను మాత్రం గడప దాటనివ్వలేదు. నేను వాకిలికీ వంటింటికీ తిరిగాను. బస్సు హారను వినబడితే లేచి నిలబడేదాన్ని. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. పక్కింటావిడతో ఉత్తపుణ్యానికి తగువు పెట్టుకున్నాను. ఆయనా కుదురుగా లేడు. నాకు చెమట పడుతోందేమోనని మాటిమాటికీ గుంతలోంచి లేచి వచ్చి నా మొహం చూసేవాడు. అట్లా లేచి లేచి పేక దెబ్బ ఒకచోట బిగిసి, ఒకచోట వదులైంది. షావుకారు ఆ చీరకు వంకపెట్టి తిప్పి పంపాడు. ఇద్దరం మునిగేటట్టున్నాం అనుకున్నాను.

ఒకరోజు ఆయన నేస్తూ నేస్తూ చెయ్యి ఆపి, పక్కింటి గోడ వైపు తిరిగి, పోగు తెగింది చూసుకో అని కేకేశాడు. నిజంగానే తెగింది. ఆయన చెవి అటువంటిది. మగ్గం చప్పుడులో తేడా గోడ అవతలి నుంచి కూడా పట్టేస్తాడు. నాకు ఆలోచన వచ్చింది. పెన్ను తీసుకుపోయి గుంత అంచున కూర్చున్నాను.

"ఏమయ్యా, నేను ఏ ఊర్లో ఉన్నా ఫోను దగ్గర పెట్టి తిప్పుతా. నువ్వు ఇను. నువ్వు ఊ అంటేనే పొడుసుకుంటా. టిఫిను కండ్ల ముందర పెట్టుకున్నాకే."

 ఆయన పేక పోగు మోసే నాడెను ఒకసారి అటు, ఒకసారి ఇటు విసిరాడు. తర్వాత, గోరంట్లకయితే పో, పొద్దుగూకేలోపల రా అన్నాడు.

ఆ వారమే పోయాను. పంతులమ్మ ఇంటి వరండాలో టిఫిను పళ్ళెం ముందు పెట్టుకుని ఫోను చేశాను. మొదటి గంటకే ఎత్తాడు. వెనక మగ్గం చప్పుడు లేదు. అంటే ఆపుకుని కూర్చున్నాడు. పెన్ను ఫోను పక్కన పెట్టి ఒక్కొక్క టిక్కూ తిప్పాను. కిటికీలో పదహారు వచ్చింది. నా నమ్మకం ఎప్పుడూ ఆ అంకె మీదే. కానీ ఈయన నిజంగా వింటున్నాడా, ఊరికే ఊకొడతాడా అని నా బుద్ధి ఊరుకోలేదు. ఇంకొక టిక్కు తిప్పాను.



"ఒగటి ఎనిక్కి తిప్పుమే," అన్నాడు.

తిప్పాను. పొడుచుకున్నాను. నొక్కాను. ఎప్పటిలాగే సూది లాగేయబోతుంటే ఫోనులో ఆయన ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, బుడగ పైకి రావడానికి ఆగినంత నిదానంగా. పది వచ్చేదాకా నేను కదలకుండా కూర్చున్నాను.