సున్నాతో నింపిన గడి

సింగపూర్ బుకిట్ బటోక్‌లో మా బ్లాకు నాలుగో అంతస్తు ఆంటీ పోయిన గురువారం మధ్యాహ్నం చనిపోయారు. క్లోమం వాచింది. ఆస్పత్రిలో చేరిన ఏడో రోజు. ఆ ఆస్పత్రి వార్డుల్లోనే ఆవిడ ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేశారు. ఆస్పత్రి పేరు రాయను. రాస్తే, ఇది ఆ ఒక్కచోటే జరిగేదని మీరు సరిపెట్టుకుంటారు.

ఆవిడది తాతల కాలంలో కాకినాడ వైపు నుంచి వచ్చిన కుటుంబం. తెలుగులో తమిళం, మలయ్ కలిపి మాట్లాడేవారు. లిఫ్టులో ఎదురైతే "తంబీ, మకాన్ అయిందా?" అని భోజనం సంగతి అడిగేవారు. కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో అందరూ టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేస్తే, అంటే తమదని ఆపిపెట్టుకుంటే, ఆవిడ పెన్సిలు పెట్టి వెళ్లేవారు. టిష్యూ అయితే ఎవరో ఒకరు మూతి తుడుచుకుంటారట, పెన్సిలుతో ఎవరికీ పని ఉండదట.

ఆ పెన్సిలుకు వార్డులో వేరే పని ఉండేది. క్లోమం వాపు మొదటి రోజు మామూలు కడుపునొప్పిలా కనిపించి, రెండో రోజో మూడో రోజో ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని చేరిన రోజు ఒకసారి, నలభై ఎనిమిది గంటలకు మరోసారి రక్తపరీక్షలు చేసి, చెడ్డ ఫలితానికి ఒక్కో మార్కు చొప్పున తీవ్రత లెక్కకట్టాలని నియమం. ఆ కాగితం వార్డు గోడకు అంటించే ఉంటుంది. డాక్టర్లకు తెలియక కాదు, పరీక్షలో అడిగితే అందరూ చెబుతారు. రోగి కేసు షీటులో చేరిన రోజు గడులన్నీ నిండేవి. రెండో వరుస, ముఖ్యంగా శని ఆదివారాలు పడితే, ఖాళీగా ఉండిపోయేది. ఆవిడ ఆ ఖాళీ గడిలో పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టేవారు. కొందరు డాక్టర్లు అది చూసి రక్తం తీయించేవారు. కొందరు చెరిపేసేవారు. ఒక పెద్ద డాక్టరు రౌండ్స్‌లో అందరి ముందూ, నువ్వెప్పుడు డాక్టరువయ్యావని అడిగాడట. అవలేదు డాక్టర్, రబ్బరు మీ దగ్గరుంది, పెన్సిలు నా దగ్గరుంది, అంతే తేడా అన్నారట ఈవిడ.

ఒకసారి ఈ సంగతి నాకు చెప్పారు, పత్రికలో రాస్తానేమోనని. ఖాళీ గడి వార్త కాదు ఆంటీ, దానివల్ల ఎవరు పోయారో చెప్పండి అన్నాను. రోగుల పేర్లు ఆవిడ చెప్పరు. కాఫీ తాగుతావా అని లేచారు.

కంప్యూటర్లు తప్ప మరేదీ వార్త కాని రోజులవి. హైదరాబాదు నుంచి విమానాల నిండా ప్రోగ్రామర్లు దిగుతున్నారు. వాళ్ల గురించి, వాళ్లను తెచ్చిన కంపెనీల గురించి వారం వారం రాసేవాణ్ని. ఆ ఆస్పత్రి కూడా కాగితాలు తీసేసి కంప్యూటర్లు పెట్టింది. పిలిచి తెర చూపించారు. గడి నింపకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు. "ఇక ఒక్క గడీ ఖాళీ ఉండదు" అని శీర్షిక పెట్టి రాశాను. అందులో తప్పని తేలిన వాక్యం ఇప్పటికీ ఒక్కటీ లేదు.

మర్నాడు హాకర్ సెంటర్లో ఆంటీ నా ఎదుట కూర్చున్నారు. "ఆ గడిలో ఏం కొడుతున్నారో చూశావా తంబీ?"

చూడలేదన్నాను.

"సున్నా కొడుతున్నారు. ఖాళీ అంటే తెలీదని. సున్నా అంటే బావుందని. ఇప్పుడు నా పెన్సిలు ఎక్కడ పెట్టను?"

కనుక్కుంటానన్నాను. కనుక్కోలేదు. ఆ ఏడే ఆవిడ రిటైరయ్యారు.

ఇప్పుడు ఆవిడ కూతురు కేసు ప్రింటవుట్ తెచ్చి నా ముందు పెట్టింది. చేరింది శుక్రవారం పొద్దున. ఆదివారం గడులన్నీ నిండాయి, అన్నీ సున్నాలే. ల్యాబు పేజీలో ఆదివారం రక్తం తీసిన దాఖలా లేదు. "మమ్మీ అడిగింది అంకుల్. టూ టైమ్స్ అడిగింది. కంప్యూటర్లో ఉంది ఆంటీ, డోంట్ వరీ లా, అన్నారు వార్డువాళ్లు," అంది ఆ అమ్మాయి. సోమవారం ఊపిరి అందక ఐసీయూకి మార్చారు.

ఆదివారం రక్తం తీసి ఉంటే ఆవిడ బతికేవారని నేను రాయలేను. ఆ జబ్బు బాగా చూసినా చంపగలదు. చూడలేదని మాత్రం రాయగలను. ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరును కలిశాను. చిన్నవాడు, వార్డంతా అతనొక్కడే. అబద్ధం చెప్పలేదు. ఏదో ఒక అంకె కొట్టకపోతే పేజీ ముందుకు పోదు సర్ అన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు, మెచ్చుకుంటూ రాసింది నేనే.

ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన సంచిలో కళ్లజోడు, చెప్పులు, పెన్సిలు ముక్క, కావలసినవాటికి టిక్కు పెట్టమని మంచం పక్కన ఉంచే టిఫిను కార్డు ఉన్నాయి. నోటికేమీ ఇవ్వకూడదు గనక కార్డు మీద ఏ టిక్కూ లేదు. వెనకవైపు ఆవిడ గళ్లు గీసుకున్నారు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా, గంటల వారీగా, తన నాడి, తన ఊపిరి తనే లెక్కపెట్టి రాసుకున్నారు. వరుసలు కిందికి వచ్చేకొద్దీ ఊపిరి అంకె పెరిగింది. చివరి వరుసలో రక్తపరీక్షకు ఒక గడి. అది ఆవిడ చేతిలో లేనిది. అందులో సున్నా లేదు. ప్రశ్నార్థకం ఉంది, పెన్సిలుతో.

దాని మీద వేలు పెట్టి చూశాను. నల్లగా అంటింది.