రోటాలో మా ఇల్లు

అక్క పోయిన కబురు వచ్చేసరికి నేను షెఫీల్డ్‌లో మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నాను. అప్పుడే విమానం ఎక్కడానికి వీల్లేదన్నారు డాక్టర్లు. కాకినాడలో అక్కను సాగనంపడం ఫోన్‌లోనే చూశాను. మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి వాకిట్లో ఎవరూ లేరు.

ఇక్కడి మన తెలుగువాళ్ళు రాలేదని నిష్ఠూరమాడను. ముందుగా ఫోన్ చేసి మరీ వచ్చారు. సోఫా అంచున కూర్చుని, "బాధపడకండి ఆంటీ, టైముకి తిని మందులేసుకోండి" అన్నారు. పార్కింగ్ టైమ్ అయిపోతోందని లేచారు. మా ఆయన మంచివాడే గానీ, నేను "అక్క" అనగానే టీ పెట్టడానికి వంటింట్లోకి పరిగెత్తేవాడు. అన్ని టీలు నా జన్మలో తాగలేదు.

నాకు కావలసింది ఓదార్పు కాదు. అక్క గురించి చెప్పుకోవడానికి ఒక మనిషి. అమ్మ లేని నాకు జడలు వేసి బడికి పంపింది అక్క. కడుపులో ఇంత మాట పెట్టుకుని, వినేవాళ్ళు లేక గోడల కేసి చూస్తూ పడుకునేదాన్ని.

మా వీధి చివర చర్చి హాల్లో ఆఫ్రికా మూలాలున్న ఆడవాళ్ళు నడుపుకునే సంస్థ ఒకటి ఉంది. ఘనా, సూడాన్, జమైకా, ఎక్కడెక్కడి వాళ్ళో. కౌన్సిల్ పనుల్లో సాయం చేస్తారు, ఇంగ్లీషు నేర్పుతారు. కుట్టు క్లాసుకు మాత్రం ఇరుగుపొరుగువాళ్ళనీ రానిస్తారు. నేనూ వెళ్ళేదాన్ని. వాళ్ళకి మరో పని ఉందని అప్పటిదాకా తెలియదు. సొంతవాళ్ళు దూరదేశంలో పోతే, వెళ్ళలేక ఇక్కడే ఉండిపోయిన ఆడదాని పక్కన సాయంత్రాలు కూర్చుంటారట. ఏ రోజు ఎవరి వంతో రాసుకోవడానికి రోటా అనే పట్టిక కూడా ఉందట.

అక్క కబురు తెలిసి, కుట్టు క్లాసు చెప్పే ఘనా ఆవిడ ఓ సూడాన్ అమ్మాయిని వెంటబెట్టుకుని, గిన్నెడు అన్నంతో వచ్చింది. ఫోన్ చెయ్యకుండా మా గుమ్మం తొక్కిన మనిషిని ఈ దేశంలో అదే చూడటం. వస్తూనే బూట్లు విప్పి నా మంచం పక్కన చతికిలబడింది.

"మీ అక్క ఎలా నవ్వేది?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. నోటికి పమిట అడ్డం పెట్టుకుని నవ్వేదన్నాను. గవ్వలాటలో తొండి చేసేదనీ, బస్సు కండక్టర్‌తో నా సీటు కోసం పోట్లాడేదనీ చెప్పాను. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాను. నాకంటే పెద్దగా సూడాన్ అమ్మాయి ఏడ్చింది.

"నీకెందుకమ్మా ఏడుపు?" అన్నాను.

"మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇక్కడే ఉన్నాను ఆంటీ."

చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను. మా ఆయన టీ పెట్టడం మానేసి, తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

వెళ్ళేటప్పుడు ఘనా ఆవిడ గుమ్మంలో వెనక్కి తిరిగి, వీధి వీధంతా వినబడేలా అంది. "మళ్ళీ వస్తాం ఆంటీ!"

చావు జరిగిన ఇంటి నుంచి వెళ్ళేవాళ్ళు అనకూడని మాట అది. పరామర్శకు వచ్చిన మనవాళ్ళందరూ పద్ధతి ప్రకారం వెనక్కి తిరగకుండా, వస్తామనకుండా వెళ్ళిపోయారు. మా ఆయన కంగారుగా నా వైపు చూశాడు. మాలో అలా అనరని చెబుదామనే నోరు తెరిచాను.

"రేపేనా?" అన్నాను.