ఖమ్మం పార్కులో ఎస్తేరు పాట

అడవి అంచున బతికే మాకు పార్కు పిచ్చేమిటని చాలా ఏళ్లు అనుకున్నాను. పాల్వంచ నుంచి ఏ వైపు నడిచినా చెట్లే కదా. అలాంటిది ఒక జనవరి ఉదయం ఖమ్మం పార్కుకే బయలుదేరాం. అక్కడ సాయంత్రం ఆరుబయట పాటల పండుగ. మా కాలనీ చర్చి బృందం కూడా పాడాలి. నా దిగులంతా మా చెల్లెలు ఎస్తేరు గొంతు గురించే. థైరాయిడ్ ఆపరేషన్ అయి నాలుగు నెలలు. పాడొచ్చని డాక్టరు చెప్పినా, ఇంట్లో కూడా సైగలతోనే నెట్టుకొస్తోంది. పాత గొంతు రాదేమోనని దాని భయం. ఇప్పుడు పాడకపోతే ఇంకెప్పుడూ పాడదని నా భయం.

ఏడున్నర బస్సు. మిగతా ముగ్గురు పాటగాళ్లు వెనక సీట్లలో సర్దుకున్నారు. కొత్తగూడెంలో ఒక ముసలి దర్జీ ఎక్కి మా పక్కన కూర్చున్నాడు. బట్ట కొనడానికి పోతున్నాడట.

"చెల్లె మాట్లాడదా అమ్మా?"

"సాయంత్రం పార్కుల పాడాలె చాచా. గొంతు దాసుకుంటుంది."

"మంచి జాగ. బజార్ల పనైనంక నేను గాడ్నే పండుకుంట. హోటల్ల కూసుంటే ఏం తింటవంటరు, దుకాణంల కూసుంటే ఏం కొంటవంటరు. పార్కుల ఎవడేమడగడు," అన్నాడు.

వైరాలో ఇడ్లీ తిన్నాం. ఎస్తేరు సగం తిని ప్లేటు నావైపు తోసింది.

ఖమ్మంలో దిగేసరికి పదకొండు దాటింది. చెట్లు చూడటానికి కూడా టికెట్టా అని గేటు దగ్గర సణిగాను. లోపలికి వెళ్లాక సణుగుడు ఆగింది. వేపచెట్టు కింద ఒక తల్లి చంటిదాన్ని పక్కలో వేసుకుని హాయిగా నిద్రపోతోంది. మా దగ్గర అడవిలోకి పోతే కట్టెలకో, తునికాకుకో, ఇప్పపువ్వుకో పోవాలి. పాముంటుందేమోనని చూపంతా నేల మీదే. ఊరికే కూర్చోవడానికి చెట్టు కిందికి పోయింది నా జన్మలో లేదు. చెప్పులు విడిచి గడ్డిలో వెల్లకిలా పడుకున్నాను. ఎస్తేరూ పడుకుంది. ఆకలేసేదాకా ఇద్దరం లేవలేదు.

నాలుగింటికి పాటలు మొదలయ్యాయి. చెట్ల మధ్య ఒక పరదా, రెండు మైకులు, అంతే. ముందు కోయ డోళ్లు, తర్వాత ఖవ్వాలీ, ఆ తర్వాత మావాళ్లు. మొదటి చరణంలో ఎస్తేరు గొంతు బొంగురు పోయింది. రెండో చరణానికి పీలగా అయింది. అంతలో దగ్గరి పట్టాల మీద రైలు కూత పెట్టింది. నలుగురూ ఒక్కసారే ఆగిపోయారు.

మా పాల్వంచలో కరెంటు ప్లాంటు సైరన్ మోగితే పక్కమనిషి మాట వినబడదు. పాట మధ్యలో మోగితే ఏ మాట దగ్గరుంటే అక్కడే ఆపి, మోత తగ్గాక ఆ మాట నుంచే అందుకోవడం మా చర్చి అలవాటు. ఖమ్మంలోనూ అలవాటు చొప్పున ఆగారు. పాట అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఎస్తేరు బిత్తరపోయి చూసి, సంగతి తెలిసి ఫక్కున నవ్వేసింది. నీళ్లు తాగింది.

"గింతేనా అమ్మా?" అని గడ్డిలోంచి ఒకాయన అడిగాడు.

"ఇంక ఉందయ్యా, కూసో," అంది ఎస్తేరు మైకులో.

ఆ నవ్వుతోనే బిగుసుకున్నదేదో వదిలింది కాబోలు. ఆపిన మాట నుంచే అందుకుని చివరిదాకా పాడింది. పాత గొంతు కాదు, కాస్త గరుకు. అయినా పై స్థాయి అందుకుంది. హమ్మయ్య అనుకుని, ఎవరు చూస్తే నాకేమని గడ్డిలో కూర్చుని ఏడ్చాను.

రాత్రి అక్కడి చర్చి గదిలో ఉండి, తెల్లారి బస్సెక్కాం. ఖమ్మం వెళ్లేవాళ్లకు ఒకటే చెబుతాను. పాటలున్నా లేకున్నా మధ్యాహ్నమే ఒక దుప్పటి పట్టుకుని పార్కుకు పోండి. పనేమీ పెట్టుకోకండి. పని లేని మనిషికి ఊరు ఇచ్చిన జాగా అది, మా అడవి నాకెన్నడూ ఇవ్వనిది.

ఎస్తేరు బస్సు కదిలిన దగ్గర్నుంచి మాట్లాడుతూనే ఉంది. వైరా దాకా ఖవ్వాలీ గురించి, తల్లాడ దాకా ఎవరి చీర ఎట్లుందో, ఆ తర్వాత నాలుగు నెలలుగా నా వంటలో ఉన్న వంకలన్నీ. జూలూరుపాడు వచ్చేసరికి నా తల వాచిపోయింది.

"కాసేపు నోరు మూస్కోవే," అన్నాను.

అన్నాక నా మాట నాకే వినబడింది. దానితో ఆ మాట అనే రోజు మళ్లీ వస్తుందనుకోలేదు.

"మూస్కోను పో," అంది ఎస్తేరు.