అడవి యోధురాలిని తిరగరాసిన ఆదివారాలు

మా క్వార్టర్లో ఆదివారం భోజనాలయ్యాక చాప మీద యుద్ధాలు జరుగుతాయి. ఈ మాట మా ఆఫీసులో చెబితే నవ్వుతారు. ముప్పై దాటిన మనిషి, రైల్వేలో ఉద్యోగం, పాచికలు ముందేసుకుని "ఇప్పుడు మీ ఎదురుగా ఒక గుహ ఉంది" అంటుందా అని. అంటుంది. గొంతు మార్చి మరీ అంటుంది.

ఆట గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్లు ఆ కథలో ఒక్కో మనిషి అవుతారు. ఎవరేం చేస్తారో నోటితో చెబుతారు, అనుమానం వచ్చినచోట ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. కథ నడిపేది నేను. నా పెత్తనానికి ఇంతకన్నా తగిన పని ఈ బిలాస్‌పూర్‌లో దొరకదని అమ్మ అంటుంది. బిల్హా నుంచి లోకల్లో వచ్చే నా స్నేహితురాలు మంత్రగత్తె. తను ఛత్తీస్‌గఢీ పిల్లే గానీ, మా ఇంట్లో తిన్న తిండికి తెలుగు కూడా వచ్చేసింది. మా పెద్దమ్మ కూతురి భర్త, మా బావ, కత్తి యోధుడు. ఆయన గూడ్స్ బండి మీద అసిస్టెంట్ లోకో పైలట్. నా చెల్లెలు అడవి యోధురాలు.

నిజానికి ఆ అడవి యోధుల్ని ఎవరూ ఎంచుకోరు. ఆట పుస్తకం రాసినవాళ్లే వాళ్లని కూరలో కరివేపాకు చేశారు. విల్లు పట్టుకుంటారు, దూరం చూస్తారు, అడుగుజాడలు పడతారు. అది కూడా ఒక్క పాచిక వేస్తే అయిపోతుంది. "జాడ దొరికింది" అని నేను అంటాను, అందరూ ముందుకు నడుస్తారు. పుస్తకంలో వాళ్లని రేంజర్లంటారని చెబితే అమ్మ, "రేంజరంటే జీపుండాల గదే, దీనికి సెప్పుల్లేవు" అంది. చెల్లి మాత్రం మొదటినుంచీ ఆ మనిషినే పట్టుకుంది. దూరం చూడటం దానికి ఇష్టం.

తర్వాత దాని చూపు తగ్గడం మొదలైంది. మొదట రేచీకటి అనుకున్నాం. చీకటి పడితే గుమ్మం తట్టుకునేది. ఆపైన పక్క చూపు పోతూ వచ్చింది. ఎదురుగా ఉన్న ముఖం కనబడుతుంది, పక్కనుంచి చాపిన టీ గ్లాసు కనబడదు. పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ డాక్టరు అన్నాడు. స్కూటీ అమ్మేశాం. గోల్ బజార్‌కి వెళ్లడం మానేసింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించేది. దీపాలు పెట్టే వేళయితే గుమ్మం దాటేది కాదు. దానికి మిగిలిన సరదా ఆదివారం ఒక్కటే.

ఒక ఆదివారం ఆట అయ్యాక పాచికల్ని సంచీలో వేస్తూ చెల్లి అంది.

"అక్కా, వచ్చే వారం నా మనిషిని సంపీయే. మంచి సావు ఇచ్చీ. పులో ఏటో."

"ఏటైందే?"

"ఏటవ్వాల? దూరం సూడ్డవే గదా దాని గొప్ప. పాచిక మీద అంకె నాను ముక్కు దగ్గరెట్టుకుని సూస్తన్నాను. ఛోడ్ నా, వొదిలీయే. నాకింక ఆడాలని లేదు."

కోపంగా అని ఉంటే నేనూ కోపంగా జవాబు చెప్పేదాన్ని. మామూలుగా, సంచీ తాడు ముడి వేస్తూ అంది. నాకు భయమేసింది. ఆ కాగితం మనిషితో పాటే చెల్లి కూడా లోపలి గదిలోకి వెళ్లిపోయి, ఇక బయటికి రాదనిపించింది.

"ఒక్క వారం ఆగు, దాన్ని మార్చి రాస్తాను" అన్నాను.

ఆ వారం ఆఫీసు పని ఎలా చేశానో నాకే తెలియదు. పై ఆదివారం గొప్పగా చదివి వినిపించాను. అడవి యోధురాలికి ఇకనుంచి గుడ్లగూబ కళ్లు. కటిక చీకట్లో కూడా పట్టపగల్లా చూస్తుంది. చెల్లి చివరిదాకా విని, "అంటే నాకు లేందాన్నే దానికి రెండింతలు పెట్టీసినావన్నమాట" అని లేచి లోపలికి వెళ్లిపోయింది.

వంటింట్లోంచి అమ్మ గరిటెతో వచ్చింది. "ఆకలేస్తందంటే అన్నం బొమ్మ గీసి సూపించినట్టుంది నీ తెలివి. నోరు మూసుకోని టీలు తాగండి, అయిపోయింది."

"టీలు తాగండి" అన్నాడు బావ, కుడి చెయ్యి ముందుకు చాపి.

ఎవరికీ నవ్వే మనసు లేదు గానీ నవ్వొచ్చింది. అది ఆయనకి ఇంజన్లో అంటుకున్న అలవాటు. సిగ్నల్ కనబడగానే ఒకరు చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాలి, రెండోవారు అదే మాట తిరిగి చెప్పాలి. ఆయన దాన్ని ఇంటికి కూడా తెచ్చాడు. మా అక్క "పాలు పొంగుతన్నాయి" అంటే చెయ్యి చాపి "పాలు పొంగుతన్నాయి" అంటాడు, లేచి స్టవ్వు మాత్రం కట్టెయ్యడు. ఆ చెయ్యిని విరగ్గొట్టాలని ఉంటుందట అక్కకి.

"ఇద్దరికీ కళ్లున్నాయి గదా బావా, మళ్లీ చెప్పుకోవడం దేనికి?" అని అడిగాను.

"సూసీడం సాలదు మరదలా. ఒకలు సెప్పాల, రెండోవోలు తిరిగి సెప్పాల. అప్పుడే అది సూసినట్టు."

టీ తాగుతూ ఆయన ఇంకేదో చెబుతున్నాడు, నేను వినలేదు. గుడ్లగూబ కాగితం చింపేశాను.

కొత్త నియమం చాలా చిన్నది. అడవి యోధురాలు అరచెయ్యి ఎత్తితే అందరూ నోరు మూయాలి, కథ నడిపే నాతో సహా. అప్పుడు ఈ గదిలో, ఈ వీధిలో నిజంగా ఏం వినబడితే అది అడవిలోకి వస్తుంది. అదేమిటో ఆమె పైకి చెబుతుంది. ఇంకొకరు చెయ్యి చాపి ఆ మాటే తిరిగి చెబితే అది కథలో నిజమైపోతుంది. ఎవరూ తిరిగి చెప్పకపోతే పోతుంది. పాచిక లేదు. నా పెత్తనమూ లేదు, అది నాకు కాస్త కష్టంగానే ఉంది.

లోపలి గది తలుపు దగ్గర నిలబడి ఇదంతా చెప్పాను. లోపల్నుంచి చెల్లి, "ఒక్క వారవే. బాగోపోతే సంపీయాల" అంది.

మళ్లీ ఆదివారం ముసురు పట్టింది. కథలో వాళ్లు ముగ్గురూ సాల్ చెట్ల అడవిలో, ఏమీ కనబడనంత పొగమంచులో ఉన్నారు. చెల్లి అరచెయ్యి ఎత్తింది. మేం ఊరుకున్నాం. మా ఇంట్లో అందరం ఒకేసారి ఊరుకోవడం నేనెప్పుడూ ఎరగను.

"మీద ఏదో తిరుగుతంది. పెద్ద రెక్కలు. ఒక రెక్కకి దెబ్బ తగిలింది."

మా సీలింగు ఫ్యాను! ఎన్నో ఏళ్లుగా అది ఒక చుట్టుకి ఒకసారి టిక్కుమంటోంది. మంత్రగత్తె చెయ్యి చాపి తిరిగి చెప్పింది. మా అడవి పైకి దెబ్బ తగిలిన పక్షి వచ్చేసింది. ఇంకాసేపటికి చెల్లి "దగ్గర్లో నీళ్లు" అంది. బావ నోటినిండా జంతికలున్నాయి, మంత్రగత్తె పక్షి గురించి ఆలోచిస్తోంది. ఎవరూ తిరిగి చెప్పలేదు. నియమం నియమమే, ఏరు పోయింది. ముగ్గురూ దాహంతో నడిచారు. చెల్లి బావని ఆ జంతికలతోనే కొట్టింది.

తర్వాత మళ్లీ చెయ్యెత్తింది. ఈసారి చాలాసేపు దించలేదు. తల కొంచెం వంచింది.

"ఏదో వస్తంది. బరువైంది. ఒకటి కాదు, గుంపు. ఇంకా దూరంగా ఉంది. దారి మీంచి దిగీండి."

నాకేమీ వినబడలేదు. కథలో నేను దాచిపెట్టుకున్నది ఒక్క బక్క దొంగని, గుంపు ఊసే లేదు. బండ్లు నడిపే బావకీ ఏమీ వినబడలేదని ఆయన ముఖమే చెబుతోంది. అయినా చెయ్యి చాపి నెమ్మదిగా, "ఏదో వస్తంది. బరువైంది. గుంపు. దారి మీంచి దిగీండి" అన్నాడు.

వంటింట్లో స్టాండులోని పళ్లేలు ఒకదానికొకటి తగులుతున్న సన్నటి చప్పుడు అప్పుడు నా చెవిన పడింది. తర్వాత కిటికీ అద్దం. తర్వాత చాప మీది పాచిక దానంతటది కదిలి పక్కకి ఒరిగింది. అప్పుడొచ్చింది బొగ్గు బండి, క్వార్టర్ల వెనకాల లైను మీద, నేలనంతా అదుముకుంటూ. వ్యాగన్ తర్వాత వ్యాగన్. మా అడవిలో, పొగమంచులో, వాళ్లు వదిలేసిన దారి మీదుగా ఏనుగులు పోతున్నాయి. మంత్రగత్తె తన చేతి మీద లేచిన రోమాల్ని చూసుకుంటోంది. అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. నేను పుట్టి పెరిగిన ఇల్లు ఇది. ఆ బండిని పుట్టినప్పటినుంచీ వింటున్నాను. మొదటిసారి దానికి దణ్ణం పెట్టాలనిపించింది.

చివరి వ్యాగన్ పోయాక "నీ చెవులు..." అని ఏదో అనబోయాను.

"నా సెవులేటి గొప్పవి కావే. పళ్లేలు ముందల మోగుతాయి. మీరు మాటాడతానే ఉంటారు, అంతే."

ఆ సాయంత్రం బిల్హా స్నేహితురాలిని లోకల్ ఎక్కించడానికి బయల్దేరాను. చీకటి పడుతోంది. చెల్లి చెప్పులు వేసుకుంటోంది. అమ్మ నా వంక చూసింది, నేను అమ్మ వంక చూశాను.

స్టేషన్లో పాదచారుల వంతెన దగ్గర అలవాటుగా దాని చెయ్యి పట్టుకోబోయాను. విదిలించింది. నాకేం చెయ్యాలో తోచలేదు. ముందు నడుస్తున్న స్నేహితురాలు ఆగి, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి, "సీఢీ!" అంది.

"సీఢీ" అంది చెల్లి, చెయ్యి చాపి. మొదటి మెట్టు మీద కాలు సరిగ్గా పడింది.

"ఎడమ పక్క మూటలున్నాయి" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఎడమ పక్క మూటలు" అంది.

అలా పైకెక్కాం. జనం మమ్మల్ని వింతగా చూశారు. చూడనీ. వంతెన మధ్యలో చెల్లి ఆగి అరచెయ్యి ఎత్తింది. కింద పట్టాల మీద ఏ బండీ లేదు. ఆ గోలలో కూడా మేం ముగ్గురం ఊరుకున్నాం.

"లోడు బండి వస్తంది" అంది.

"లోడు బండి వస్తంది" అన్నాను. నాకేమీ వినబడలేదు. అయినా అన్నాను. కాసేపటికి కాళ్ల కింద ఇనప రేకు వణకడం మొదలైంది, దూరాన ఇంజను దీపం కనబడింది.

చెల్లి అటు తిరగలేదు. రెయిలింగు పట్టుకుని, నా ముఖంలోకి చూస్తూ, "నా మనిషిని సంపొద్దు" అంది.

నేను చెయ్యి చాపాను. "నా మనిషిని సంపొద్దు" అన్నాను.