పొద్దు దాటిన మార్వా

తాండూరు సభకొచ్చిన ఆ సరోద్ ఉస్తాద్ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, ఆయన మీద కాదు. రేడియోలో విన్న ఆయన మార్వాను ఎదురుగా వినాలని వికారాబాద్‌లో రైలెక్కాను. అది పొద్దుగూకే వేళ వాయించే రాగం. తీగెల మీద జారాల్సిన ఎడమచేతి గోళ్ళను గుడ్డతో తుడుచుకుంటూ ఆయన సిద్ధంగా కూర్చున్నాడు. ముఖ్య అతిథిగా పిలిచిన నాయకుడు వచ్చేదాకా మొదలుపెట్టొద్దన్నారు నిర్వాహకులు. ఆ మహానుభావుడొచ్చి, ఉస్తాద్‌కు శాలువా కప్పి, ఉపన్యాసాలన్నీ ముగించేసరికి చీకటి పడింది.

"ఉస్తాద్‌జీ, గా మార్వానే కానియ్యుండ్రి. సారు వింటడట," అన్నాడు నిర్వాహకుడు.

"పొద్దంత మీ మాటల్ల పోయింది బేటా. ఇప్పుడు యాడికెంచి తెస్త?"

"ఏ రాగమైతేంది, గవే తీగెలు గద!"

ఉస్తాద్ సరోద్‌ను పెట్టెలో పెట్టాడు. తనకు కప్పిన శాలువా తీసి సరోద్ మీద కప్పి, పెట్టె మూశాడు. అదీ సన్మానంలో భాగమేననుకొని సిగ్గులేని సభ చప్పట్లు కొట్టింది.